చెసపీక్ నీళ్ళ మీద తేలిన తీర్పు

సభకు నమస్కారం.

విశాఖపట్నంలో నిలబడి నౌకా యుద్ధం గురించి మాట్లాడబోతున్నానంటే మీ మనసు 1971 డిసెంబరు మొదటి వారానికి, ఈ రేవు బయట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మీదికి వెళ్ళడం సహజం. ఆ రాత్రి సంగతులు ఈ ఊరి పెద్దలు మీకు చెప్పే ఉంటారు. నేను ఈ సాయంత్రం మిమ్మల్ని అంతకు 190 సంవత్సరాల వెనుకటి మరో తీరానికి, ఉత్తర అమెరికా తూర్పు ఒడ్డున ఉన్న చెసపీక్ అఖాతం ముఖద్వారానికి తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో భాగంగా 1781 సెప్టెంబరు 5 మధ్యాహ్నం బ్రిటిష్, ఫ్రెంచి నౌకాదళాల మధ్య అక్కడ జరిగిన పోరు రెండు గంటలకు కొంచెం పైగా సాగింది. మాటల చివర మళ్ళీ మన బంగాళాఖాతానికి వస్తాను, ఎందుకంటే అదే యుద్ధం అదే సంవత్సరంలో కోరమండల్ తీరంలో కూడా నడిచింది, అక్కడ అది సరిగ్గా తలకిందులుగా ముగిసింది.

ఒక నౌకా యుద్ధం మొత్తం యుద్ధం గతినే మార్చివేసింది అన్నప్పుడు మన కళ్ళ ముందు మెదిలే దృశ్యం సాధారణంగా 1905 మే నెలలో సుషిమా జలసంధిలో జరిగినలాంటిది: సగం భూగోళం చుట్టి వచ్చిన రష్యా నౌకాదళాన్ని అడ్మిరల్ టోగో రెండు రోజుల్లో దాదాపు తుడిచిపెట్టాడు, సెప్టెంబరు తిరగకముందే రష్యా సంధిపత్రం మీద సంతకం చేసింది. ఇలాంటి ఉదాహరణలు అరుదు. 1805లో ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ సాధించిన విజయం కూడా చాలా గొప్పదే అయినా, ఆ తరువాత కూడా నెపోలియన్ పది సంవత్సరాలపాటు యూరప్ నేల మీద యుద్ధాలు చేస్తూనే ఉన్నాడు. చెసపీక్ దగ్గర మాత్రం ఏ పక్షమూ ఎదుటివారి ఓడను ఒక్కదాన్నయినా పట్టుకోలేదు, ఆ మధ్యాహ్నం ఒక్క పెద్ద ఓడ కూడా మునగలేదు. అయినా ఆరు వారాలు గడిచేసరికి ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం ఆయుధాలు కింద పెట్టింది, ఆరు నెలలు గడిచేసరికి లండన్‌లో ఒక ప్రభుత్వం పడిపోయింది, రెండు సంవత్సరాలకు ఒక కొత్త దేశానికి గుర్తింపు లభించింది. మునిగిన ఓడలను లెక్కపెట్టి నౌకా యుద్ధానికి విలువ కట్టే అలవాటు ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ ఒక్క యుద్ధం చూస్తే తెలుస్తుందని నా నమ్మకం, అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందుగా ఆ యుద్ధంలో సముద్రం చేస్తున్న పని ఏమిటో చూద్దాం. అమెరికాలోని 13 వలసలు బ్రిటన్ మీద తిరగబడింది 1775లో. ఆ రోజుల్లో అక్కడి దారులు అధ్వానమైనవి, నదులు వెడల్పైనవి, ఊళ్ళు తీరం వెంబడి పరుచుకుని ఉండేవి. బ్రిటిష్ సైన్యానికి తిండి, మందుగుండు, బట్టలు, కొత్త సిపాయిలు, ఉత్తరాలు అన్నీ అట్లాంటిక్ దాటి ఓడల మీదే రావాలి. ఒక రేవులో చిక్కు వస్తే సైన్యాన్ని ఓడ ఎక్కించి మరో రేవులో దించగలిగే వెసులుబాటు వారికి ఉండేది, తిరుగుబాటు సేనాధిపతి వాషింగ్టన్ సైనికులేమో అదే దూరాన్ని వారాల తరబడి నడిచి చేరవలసి వచ్చేది. వాషింగ్టన్ పొలాలు, సరిహద్దు అడవులు ఎరిగిన మనిషి, సముద్రంతో పెద్దగా పరిచయం లేనివాడు. అయినా ఈ తేడా ఎంతటిదో ఆయన అందరికంటే స్పష్టంగా గ్రహించాడు. సముద్రం మీద తిరుగులేని ఆధిక్యం ఉంటే తప్ప ఏ ప్రయత్నమూ ఫలించదని, అన్ని ఆశలకూ అదే ఆధారమని 1780 జులైలోనే ఫ్రెంచి మిత్రుల కోసం రాసిన పత్రంలో స్పష్టంగా పేర్కొన్నాడు.

1778లో ఫ్రాన్స్ అమెరికన్ల పక్షాన యుద్ధంలోకి దిగింది, మరుసటి ఏడు స్పెయిన్ కూడా ఫ్రాన్స్‌తో చేయి కలిపింది. బ్రిటన్ ఒక్కసారిగా జిబ్రాల్టర్‌ను, వెస్టిండీస్ చక్కెర దీవులను, భారతదేశంలోని స్థావరాలను, తన సొంత తీరాన్ని కూడా కాపాడుకోవలసిన స్థితిలో పడింది. ఓడలు ఎన్ని ఉన్నా చాలని పరిస్థితి అది. 1781 మార్చిలో బ్రిటన్ సొంత తీరాన్ని కాపాడే ప్రధాన నౌకాదళం ముట్టడిలో ఉన్న జిబ్రాల్టర్‌కు ఆహారం చేర్చే పనిలో ఉండగా, మార్చి 22న బ్రెస్ట్ రేవు నుంచి కౌంట్ డి గ్రాస్ అనే ఫ్రెంచి అడ్మిరల్ ఏ అడ్డంకీ లేకుండా వెస్టిండీస్‌కు బయలుదేరాడు. కథ అసలు మొదలు ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. జిబ్రాల్టర్ ఆకలి తీర్చడానికి ఓడలు వెళ్ళడం వల్ల వర్జీనియాలో ఒక సైన్యం పోయింది. అన్ని చోట్లా అన్నీ నిలుపుకోవాలనుకున్న రాజ్యం దేనిని వదులుకోవాలో తాను నిర్ణయించుకోకపోతే శత్రువే ఆ నిర్ణయం తీసుకుంటాడు.

ఇటు నేల మీద లార్డ్ కార్న్‌వాలిస్ దక్షిణాది వలసలలో ఏడాదికి పైగా యుద్ధం చేసి, గిల్‌ఫర్డ్ దగ్గర 1781 మార్చిలో గెలిచి కూడా తన సైన్యంలో నాలుగోవంతు మందిని పోగొట్టుకుని, వర్జీనియాకు చేరుకున్నాడు. ఈయన మనకు పరిచయం లేనివాడేమీ కాదు. తరువాతి కాలంలో గవర్నర్ జనరల్‌గా వచ్చి 1792లో శ్రీరంగపట్నం ముందు టిప్పు సుల్తాన్ చేత సంధి చేయించిన కార్న్‌వాలిస్, బెంగాల్‌లో శాశ్వత శిస్తు పెట్టిన కార్న్‌వాలిస్, ఈయనే. ఓడలు నిలిపేందుకు లోతైన రేవు కావాలని న్యూయార్క్‌లో ఉన్న ప్రధాన సేనాని క్లింటన్ కోరడంతో, ఆగస్టు మొదట్లో యార్క్ నది ఒడ్డున యార్క్‌టౌన్ అనే చిన్న పొగాకు రేవును, దానికి ఎదురుగట్టున ఉన్న గ్లాస్టర్‌ను ఆక్రమించి కోటగోడలు కట్టించడం మొదలుపెట్టాడు. యార్క్‌టౌన్ ఒక ద్వీపకల్పం మీద ఉంది. వెనుక నేల, ముందు నది, ఆ నది చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. నీరు మనదైనంతకాలం అది రేవు, నీరు ఎదుటివాడిదైతే అదే బోను. బ్రిటిష్ సేనాని ఎవరూ అప్పటివరకు ఆ రెండో సంభావ్యతను గట్టిగా ఆలోచించవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే అమెరికా తీరంలో వారి ఆధిక్యం ఎప్పుడైనా తగ్గినా అది కొన్నాళ్ళకు మించి ఉండేది కాదు.

ఈ పరిస్థితిలో వాషింగ్టన్, రోడ్ ఐలండ్‌లో దిగిన ఫ్రెంచి సేనాని రోషాంబో మే నెలలో కలిసి ఆలోచించుకున్నారు. వాషింగ్టన్ మనసు న్యూయార్క్ మీద ఉంది, రోషాంబోకు చెసపీక్ మేలనిపించింది. రోషాంబో డి గ్రాస్‌కు పంపిన ఉత్తరాలలో రెండు చోట్ల సంగతీ రాసి, తన అభిప్రాయం చెసపీక్ వైపేనని తెలియజేశాడు. ఉత్తరాలు కాంకార్డ్ అనే వేగనౌక మీద వెళ్ళి జులైలో సెయింట్ డొమింగ్ దీవిలోని కాప్ ఫ్రాన్సె రేవులో డి గ్రాస్‌కు చేరాయి.

అక్కడ ఆయన తీసుకున్న నిర్ణయం నా దృష్టిలో సెప్టెంబరు 5న పేలిన ఫిరంగులన్నింటికంటే పెద్దది. ఐరోపాకు వెళ్ళవలసిన వర్తకపు ఓడల బిడారు ఆయన కాపలా కోసం ఎదురుచూస్తోంది. చక్కెర దీవుల రక్షణ కూడా ఆయనదే బాధ్యత. మర్యాదగా, జాగ్రత్తగా ఆలోచించే అడ్మిరల్ ఎవరైనా తన ఓడలను మూడు వాటాలు వేసి ఒక వాటాను ఉత్తరానికి పంపేవాడు. బ్రిటిష్ అడ్మిరల్ రోడ్నీ కూడా ఆయన అలాగే చేస్తాడని అంచనా వేశాడు. డి గ్రాస్ వర్తకులను రేవులో ఆపివేసి, దీవుల కాపలాను స్పానిష్ మిత్రులకు వదిలి, యుద్ధవరుసలో నిలబడగల పెద్ద ఓడలు 28ని తీసుకుని, వాటి మీద సెయింట్ సైమన్ నాయకత్వంలో 3,000 మందికి పైగా సైనికులను ఎక్కించుకుని, హవానా నుంచి 5 లక్షల పెసోల వెండి నాణేలు పోగుచేయించి, నావికులు సాధారణంగా తప్పించుకుపోయే పాత బహామా కాలువ గుండా చెసపీక్ దారి పట్టాడు. అక్టోబరు మధ్య వరకే ఉండగలనని ముందే ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఆగస్టు 14న అందిన వెంటనే వాషింగ్టన్ న్యూయార్క్ ఆశ వదులుకున్నాడు. క్లింటన్‌ను నమ్మించడానికి న్యూయార్క్ సమీపంలో ఫ్రెంచివారు పెద్ద రొట్టెల బట్టీలు కట్టి, అక్కడే చాలాకాలం మకాం వేస్తామన్నట్లు కనిపించారు. రెండు సైన్యాలూ ఆరేడు వందల కిలోమీటర్ల దక్షిణానికి నడక మొదలుపెట్టాయి.

మరొకవైపు రోడ్నీ అనారోగ్యంతో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. వెళుతూ కొన్ని ఓడలను తనతో తీసుకుపోయి, శామ్యూల్ హుడ్‌ను 14 ఓడలతో అమెరికా తీరానికి పంపించాడు. ఇక్కడ కాలం ఆడిన ఆటను గమనించండి. హుడ్ ఓడల అడుగుభాగాలకు రాగి రేకులు తొడిగి ఉండడం వల్ల నాచు, గవ్వపురుగులు పట్టక అవి వేగంగా సాగాయి. వేగంగా సాగడం వల్లే ఆగస్టు 25న ఆయన చెసపీక్ లోపలికి తొంగిచూసినప్పుడు అది ఖాళీగా ఉంది. ఫ్రెంచివారు ఇక్కడికి రాలేదని నిశ్చయించుకుని న్యూయార్క్ వైపు సాగిపోయాడు. దాదాపు ఐదు రోజుల తరువాత డి గ్రాస్ వచ్చి అఖాతంలో లంగరు వేశాడు. న్యూయార్క్‌లో అడ్మిరల్ గ్రేవ్స్ దగ్గర పోరుకు సిద్ధంగా ఉన్న పెద్ద ఓడలు ఐదే ఉన్నాయి. హుడ్ ఓడలతో కలిపి 19. ఆగస్టు 31న వారు దక్షిణానికి బయలుదేరారు. న్యూపోర్ట్ నుంచి డి బారాస్ అనే మరో ఫ్రెంచి అధికారి కోట గోడలు కూల్చే భారీ ఫిరంగులను ఓడలకెక్కించుకుని 25వ తేదీనే బయలుదేరాడని వారికి తెలుసు. ఆయనను దారిలో పట్టుకోవాలన్నదే వారి ఆలోచన. అఖాతంలో 28 ఓడలున్నాయన్న సంగతి మాత్రం తెలియదు.

ఇప్పుడు సెప్టెంబరు 5 ఉదయానికి వద్దాం. ఉత్తరాన కేప్ చార్లెస్, దక్షిణాన కేప్ హెన్రీ, వాటి నడుమ అఖాతం నోరు. చూడడానికి పది పన్నెండు మైళ్ళ వెడల్పు ఉన్నా, మధ్యలో మిడిల్ గ్రౌండ్ అనే ఇసుక మేట ఉండడం వల్ల పెద్ద ఓడలు నడవగల లోతైన దారి కేప్ హెన్రీ పక్కన మూడు మైళ్ళ మేరకే ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో రెండు పక్షాలూ ఒకరినొకరు చూశాయి. డి గ్రాస్ ఓడల నుంచి సుమారు 1,800 మంది నావికులు, అధికారులు పడవల్లో సైన్యాన్ని దించడానికి, మంచినీళ్ళు, కట్టెలు తేవడానికి ఒడ్డుకు వెళ్ళి ఉన్నారు. నాలుగు ఓడలు నదుల ముఖాలకు కాపలాగా ఉన్నాయి. మిగిలిన 24 ఓడలూ పోటు తగ్గి ఆటు మొదలయ్యేవరకు కదలలేని స్థితిలో ఉన్నాయి. లోపలే లంగరు వేసుకుని కూర్చుంటే అఖాతం దక్కుతుంది కాని, డి బారాస్, ఆయన తెస్తున్న భారీ ఫిరంగులు శత్రువు వాతబడతాయి. అందుకని మధ్యాహ్నం కావస్తుండగా డి గ్రాస్ బయటికి రమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. లంగరు పైకి లాగే వ్యవధి లేక మోకులకు తేలుగుండ్లు కట్టి విడిచిపెట్టి, ఒడ్డున ఉన్న మనుషుల కోసం ఆగకుండా, దొరికిన వరుసలో దొరికినట్లు ఓడలు ఆటు వెంట బయటికి వచ్చాయి.

ముందుగా బయటపడిన నాలుగైదు ఓడలకు నాయకుడు బూగన్‌విల్. అంతకు పుష్కరకాలం క్రితమే భూగోళాన్ని చుట్టి వచ్చిన నావికుడు ఆయన. మన ఇళ్ళ ప్రహరీల మీద పాకే కాగితం పూల తీగకు శాస్త్రనామం ఆయన పేరు మీద వచ్చిందే. ఆ నాలుగైదు ఓడలకూ వెనుక ఉన్న మిగిలిన నౌకాదళానికీ మధ్య చాలా దూరం ఏర్పడింది. ఈశాన్యపు గాలి బ్రిటిష్ వారికి అనుకూలంగా వీస్తోంది. గ్రేవ్స్ ఆ క్షణంలో తన 19 ఓడలనూ ఆ కొద్ది ఓడల మీదికి తోలి ఉంటే, వెనుకవి వచ్చి కలిసేలోగా వాటిని నలిపివేయగలిగేవాడని తరువాత ఎందరో రాశారు, వారిలో మొదటివాడు హుడ్. అది నిజమే కావచ్చు. అయినా గ్రేవ్స్‌ను చేతకానివాడని తీసిపారేయడం న్యాయమని నాకు అనిపించదు. శత్రువు ఓడలు తన ఓడలకంటే ఎక్కువని చూశాడు, ముందు ఇసుక మేట ఉంది, తన ఓడల్లో కొన్ని అప్పటికే నీరు కారుతున్నాయి, హుడ్ వచ్చి కలిసి పది రోజులు కూడా కాలేదు కాబట్టి ఇద్దరి అధికారులకూ ఒకరి సంకేతాలు మరొకరికి పూర్తిగా అలవాటు కాలేదు. వరుస చెదరకుండా పోరాడాలని ఆనాటి నౌకాదళపు నియమం బోధించింది, ఆయన నియమాన్ని పాటించాడు. రెండు గంటల ప్రాంతంలో మేటకు దగ్గరవుతున్నానని గ్రహించి ఓడలన్నింటినీ ఒకేసారి వెనుదిప్పి, ఫ్రెంచివారు వెళుతున్న తూర్పు దిక్కుకే నడిపించాడు. అలా తిప్పడంతో వరుస తలకిందులై, ముందు ఉండవలసిన హుడ్ దళం తోకలోకి పోయింది, వెనుక ఉన్న డ్రేక్ దళం తలలోకి వచ్చింది. ఫ్రెంచి మధ్యదళం వచ్చి తనకు ఎదురుగా నిలిచేవరకు గ్రేవ్స్ ఆగాడు. ఆ ఆగడంలోనే ఫ్రెంచివారు తమ వరుస సర్దుకున్నారు.

నాలుగుంబావు దాటిన తరువాత ఫిరంగులు పేలాయి. రెండు వరుసలూ సమాంతరంగా లేవు. తలల దగ్గర దగ్గరై, తోకల దగ్గర విడిపోయి, త్రాసు ఒకవైపు ఒరిగినట్లు ఉన్నాయి. అందుచేత ముందు ఓడలు తుపాకీ వాటు దూరంలో తలపడుతుండగా హుడ్ దళం దూరంగా, దాదాపు ఖాళీగా ఉండిపోయింది. దగ్గరికి పోయి పోరాడండని గ్రేవ్స్ ఒక సంకేతం ఎగురవేశాడు. వరుసలో నిలబడండని చెప్పే జెండా కూడా ఆయన ఓడ లండన్ మీద ఎగురుతూనే ఉంది. రెండు ఆజ్ఞలు ఒకే స్తంభం మీద కనిపిస్తే అధికారి దేనిని పాటించాలి? హుడ్ వరుసనే పాటించాడు. ఐదున్నర తరువాత దగ్గరికి జరిగేసరికి వెలుతురు తగ్గిపోయింది, సూర్యాస్తమయానికి కాల్పులు ఆగాయి. హుడ్ అంతటి సమర్థుడికి శత్రువు ఎక్కడున్నాడో కనిపించలేదంటే నేను నమ్మలేను. ఆజ్ఞ అక్షరాన్ని పట్టుకుని దాని ఉద్దేశాన్ని వదిలేయడంలో పై అధికారి మీద ఆయనకున్న చిన్నచూపు పాలు కూడా ఉందని నా అభిప్రాయం.

బ్రిటిష్ పక్షాన 90 మంది చనిపోయారు, 246 మంది గాయపడ్డారు. ఫ్రెంచి పక్షాన హతులు, క్షతగాత్రులు కలిపి సుమారు 220 మంది. యూరప్ యుద్ధాల కొలతలో ఇది చిన్న పోరు. అయితే ఫ్రెంచి ఫిరంగిదారులకు శత్రువు ఓడ పొట్ట కంటే తెరచాప కొయ్యలను, తాళ్ళను గురిపెట్టే అలవాటు ఉండేది. బ్రిటిష్ ముందుదళంలో ఐదారు ఓడల కొయ్యలు విరిగి, చాపలు చిరిగి వేలాడాయి. టెరిబుల్ అనే ఓడ ముందునుంచే నీరు కారుతుండగా దెబ్బలతో నిలబడలేకపోయింది, ఆరు రోజుల తరువాత సొంతవారే దాన్ని తగలబెట్టి వదిలేశారు. ఈ విరిగిన కొయ్యల సంగతి గుర్తుపెట్టుకోండి, కార్న్‌వాలిస్ తలరాతలో వాటికి పెద్ద వాటా ఉంది.

తరువాతి నాలుగైదు రోజులు రెండు నౌకాదళాలూ ఒకదానినొకటి చూసుకుంటూ దక్షిణంగా కేప్ హాటెరాస్ దిక్కుకు కొట్టుకుపోయాయి. గ్రేవ్స్ దెబ్బతిన్న ఓడలతో మళ్ళీ తలపడడానికి సాహసించలేదు, డి గ్రాస్‌కు తలపడవలసిన తొందర లేదు. అఖాతాన్ని విడిచి ఇంత దూరం వచ్చామన్న మెలకువ ముందు కలిగింది డి గ్రాస్‌కే. రాత్రిపూట వెనుదిరిగి లోపలికి చేరేసరికి డి బారాస్ ముట్టడి ఫిరంగులతో సహా క్షేమంగా వచ్చి లంగరు వేసి ఉన్నాడు. ఇప్పుడు అఖాతంలో ఉన్న ఫ్రెంచి పెద్ద ఓడలు 36. గ్రేవ్స్ సెప్టెంబరు 13న తన అధికారులతో ఆలోచించి, చేయగలిగింది లేదని న్యూయార్క్ దారి పట్టాడు. యుద్ధం తేలింది ఫిరంగులు పేలిన 5వ తేదీన అని పుస్తకాల్లో ఉంటుంది. నన్నడిగితే ఒక నౌకాదళం తిరిగి వచ్చి నిలిచి, మరొకటి తిరిగి వెళ్ళిపోయిన ఆ రెండు మూడు రోజులలో తేలింది.

అదే 5వ తేదీన వాషింగ్టన్ ఫిలడెల్ఫియా దాటి చెస్టర్ అనే ఊరి దగ్గర ఉన్నాడు. డి గ్రాస్ అఖాతానికి చేరాడన్న కబురు అక్కడే అందింది. ఎప్పుడూ ముఖంలో భావం కనిపించనివ్వని ఆ మనిషి నది ఒడ్డున నిలబడి, పడవలో వస్తున్న రోషాంబోను చూసి టోపీ, చేతిరుమాలు ఊపుతూ చిన్నపిల్లవాడిలా గంతులు వేశాడని చూసినవారు రాసిపెట్టారు. డి గ్రాస్ ఓడలు ఆ రోజే బయటికి వచ్చి పోరాడుతున్నాయని ఆయనకు తెలియదు. గాలి కొంచెం వేరుగా వీచి ఉంటే ఆయన సంతోషించిన కబురు అప్పటికే పాతబడిపోయేది.

ఆ తరువాత కూడా ఒక ప్రమాదం మిగిలే ఉంది, దాన్ని చాలామంది ప్రస్తావించరు. న్యూయార్క్‌కు బ్రిటిష్ అడ్మిరల్ డిగ్బీ కొత్త ఓడలతో వస్తున్నాడని సెప్టెంబరు చివరిలో వినగానే డి గ్రాస్ కలవరపడ్డాడు. అఖాతంలో చిక్కుకుపోతానేమోనని, రెండు ఓడలు మాత్రం ఉంచి మిగిలినవాటితో బయటి సముద్రానికి వెళతానని వాషింగ్టన్‌కు రాశాడు. వాషింగ్టన్ వెంటనే, దాదాపు వేడుకుంటున్నట్లుగా, మీరు కదిలితే ఇంత శ్రమా వృథా అవుతుందని జవాబు రాసి, దానిని తన కింద పనిచేస్తున్న ఫ్రెంచి సేనాని లఫాయెత్ చేతికిచ్చి పంపాడు. డి గ్రాస్ తన అధికారులను కూర్చోబెట్టి మాట్లాడాడు, ఉండడమే మేలని వారూ చెప్పారు, ఆయన ఉండిపోయాడు. డిగ్బీ తెచ్చినవి మూడే ఓడలు. గెలిచిన నీటిని విడవకుండా కూర్చోవడానికి పోరాడడానికి కావలసినంత ధైర్యమే కావాలి. దాని గురించి ఎవరూ చిత్రాలు గీయరు.

యార్క్‌టౌన్ ముట్టడిని త్వరగా చెబుతాను. సెప్టెంబరు 28న మొదలైంది. సాయం పంపుతున్నామని క్లింటన్ రాసిన ఉత్తరాన్ని నమ్మి కార్న్‌వాలిస్ బయటి కాపలా దిబ్బలను ఖాళీ చేశాడు. అక్టోబరు 9న ఫిరంగులు మొదలయ్యాయి, వాటిలో బరువైనవి డి బారాస్ ఓడల మీద వచ్చినవే. 14 రాత్రి రెండు ముఖ్యమైన దిబ్బలు ముట్టడిదారుల చేతికి వచ్చాయి. 16 రాత్రి కార్న్‌వాలిస్ పడవల మీద నది దాటి గ్లాస్టర్ వైపు తప్పించుకోవాలని చూశాడు, గాలివాన పడవలను చెదరగొట్టింది. 19న 7,000 మందికి పైగా సైనికులు ఆయుధాలు కింద పెట్టారు. అదే రోజు, సరిగ్గా అదే రోజు, న్యూయార్క్ నుంచి 7,000 మంది సైనికులతో సహాయక నౌకాదళం సముద్రంలోకి వచ్చింది. సెప్టెంబరు మూడో వారంలో రేవు చేరిన ఓడలు ఇన్నాళ్ళూ ఏం చేశాయంటే, కొయ్యలు మార్చుకుంటున్నాయి. కొయ్యలకు కరువు, తాళ్ళకు కరువు, తుపాకిమందుకు కరువు. సెప్టెంబరు 5న ఫ్రెంచి ఫిరంగులు విరగ్గొట్టినది తెరచాప కొయ్యలను అనుకుంటాం. అవి నిజానికి నాలుగు వారాల కాలాన్ని తీసుకుపోయాయి. సహాయక నౌకాదళం 24న కేప్ చార్లెస్ దగ్గరికి వచ్చినప్పుడు, యార్క్‌టౌన్ నుంచి తప్పించుకుని చిన్న పడవలో వస్తున్న ముగ్గురు మనుషులు ఎదురై, ఫిరంగుల చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని చెప్పారు.

నిజానికి అమెరికాలో బ్రిటన్ సైనికబలం అప్పటికీ అయిపోలేదు. న్యూయార్క్, చార్లెస్టన్, సవన్నా వారి చేతుల్లోనే ఉన్నాయి. అయిపోయింది లండన్‌లోని ఓపిక. 1777లో సరటోగా దగ్గర ఒక సైన్యం పోయింది, ఇది రెండోది. కబురు నవంబరు 25న చేరింది. 1782 ఫిబ్రవరి 27న కామన్స్ సభ అమెరికాలో దాడి యుద్ధం కొనసాగించరాదని 215కు 234 ఓట్లతో తీర్మానించింది, మార్చి 20న ప్రధాని లార్డ్ నార్త్ రాజీనామా చేశాడు. ఆ ఏప్రిల్ 12న రోడ్నీ సెయింట్స్ దీవుల దగ్గర డి గ్రాస్‌ను చిత్తుగా ఓడించి, ఆయన ఓడ వీల్ డి పారీతో సహా బందీగా పట్టుకున్నాడు. ఓడలను లెక్కపెట్టుకుంటే చెసపీక్ కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద విజయం. సంధి బేరాల్లో బ్రిటన్‌కు అది బాగా ఉపయోగపడింది, జమైకా దక్కింది. అమెరికా మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఫ్రాన్స్‌తో యుద్ధం రాగానే ఇంగ్లీషు కంపెనీ పుదుచ్చేరిని, తరువాత మాహేను పట్టుకుంది. మాహే ద్వారా సరుకులు, ఆయుధాలు తెప్పించుకునే హైదర్ అలీ ఆగ్రహించి 1780 వేసవిలో కర్ణాటకం మీదికి దిగాడు, సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ అధికారి బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు. ఆ వేడి ఈ విశాఖపట్నాన్ని కూడా తాకింది. హైదర్ మీద పోరాడడానికి ఓడ ఎక్కి మద్రాసుకు పదండని సర్కారు జిల్లాల సిపాయిలకు ఆజ్ఞ వచ్చినప్పుడు, 1780 అక్టోబరులో ఇక్కడి సిపాయిలు ఓడ ఎక్కబోమని తిరగబడ్డారు. అమెరికాలో వలసవాసులు మొదలుపెట్టిన యుద్ధం కోసం ఉత్తర సర్కారుల సిపాయిని సముద్రం మీదికి తోలబోయారంటే, ఈ యుద్ధాలు ఎంతగా అల్లుకుపోయి ఉన్నాయో ఆలోచించండి.

1781 జనవరిలో బ్రిటిష్ సేనాని సర్ ఐర్ కూట్ మద్రాసు నుంచి సైన్యంతో బయలుదేరి, ఫిబ్రవరిలో కడలూరుకు చేరాడు. హైదర్ గుర్రపుదళం చుట్టుపక్కల పల్లెలను పాడుచేసి ఒక్క గింజ కూడా దొరకకుండా చేసింది. కూట్ సైన్యం తిండికి మద్రాసు నుంచి వచ్చే ఓడలు తప్ప మరో దారి లేదు. వెనుక హైదర్, ముందు సముద్రం. సరిగ్గా ఆ సమయానికి డోర్వ్ అనే ఫ్రెంచి అధికారి ఆరు పెద్ద ఓడలతో ఆ తీరం ముందే ఉన్నాడు. బ్రిటిష్ అడ్మిరల్ హ్యూజ్ అప్పటికి పడమటి తీరంలో ఉన్నాడు. అడ్డుకునేవారు లేరు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి, మీకు కావలసిన సామగ్రి నేను సమకూరుస్తాను, ఈ సైన్యం ఆకలికే లొంగిపోతుందని హైదర్ పదేపదే కోరాడు. డోర్వ్ వినలేదు. ఫిబ్రవరి 15న చాపలెత్తి మారిషస్‌కు వెళ్ళిపోయాడు. ఓడలు పోగానే బియ్యం వచ్చింది. జులై 1న పరంగిపేట దగ్గర అదే కూట్, అదే సైన్యంతో హైదర్‌ను ఓడించాడు.

కడలూరు ఫిబ్రవరిలో, యార్క్‌టౌన్ అక్టోబరులో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. రెండుచోట్లా తీరానికి ఆనుకుని చిక్కిన బ్రిటిష్ సైన్యం, రెండుచోట్లా నీటి మీద ఫ్రెంచి ఆధిక్యం. ఒకచోట నౌకాదళం భయపడి కూడా నిలిచింది, మరొకచోట పోరు లేకుండానే వెళ్ళిపోయింది. కడలూరు దగ్గర డోర్వ్ ఒక నెల ఉండి ఉంటే దక్షిణ భారతంలో ఏమయ్యేదో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కూట్ సైన్యం పోయి ఉంటే మాత్రం మద్రాసును కాపాడడానికి ఆ రోజున కంపెనీ దగ్గర మరో సైన్యం లేదు.

డోర్వ్ తరువాత వచ్చిన సఫ్రెన్ వేరే ధాతువు మనిషి. 1782 ఫిబ్రవరి నుంచి ఈ బంగాళాఖాతంలో, సింహళం తీరంలో హ్యూజ్‌తో ఐదుసార్లు తలపడ్డాడు. చివరిది 1783 జూన్ 20న కడలూరు ముందు. లోపల ముట్టడిలో ఉన్న ఫ్రెంచి సేనాని ఎవరో తెలిస్తే తెలుగువారికి ఒళ్ళు జలదరిస్తుంది. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించిన బుస్సీ, ఇరవై ఆరేళ్ళ తరువాత, ముసలితనంలో, జబ్బుతో అక్కడ ఉన్నాడు. సఫ్రెన్ 15 ఓడలతో వచ్చి 18 ఓడలున్న హ్యూజ్‌ను మద్రాసుకు వెనుదిరిగేలా చేశాడు. ముట్టడి చేస్తున్న జనరల్ స్టువర్ట్ సైన్యానికి సముద్రపు దారి మూసుకుపోయింది, ఇప్పుడు చిక్కినవాడు ఆయనే. చెసపీక్ దగ్గర ఏ పరిస్థితి ఏర్పడిందో కడలూరు దగ్గర అదే ఏర్పడింది. కాని యూరప్‌లో ప్రాథమిక సంధిపత్రాల మీద సంతకాలు జనవరిలోనే అయిపోయాయి. సఫ్రెన్ గెలిచిన తొమ్మిది రోజులకు, జూన్ 29న, మద్రాసు నుంచి తెల్లజెండా కట్టుకున్న ఓడ ఒకటి ఆ కబురు తెచ్చింది. కందకాల్లో ఉన్న రెండు సైన్యాలూ తుపాకులు దించాయి.